మెంతిగింజ - మధుమేహం

అనంతపురం ఎర్రనేలలకు ఏటా దక్కే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి తడితో పండే రాగి, కొర్ర ఒకప్పుడు ఈ సీమవాసుల నిత్యాహారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత సంగటిముద్ద పక్కకు తొలగి, వరియన్నానికి పెద్దపీట దక్కింది. కడుపులు నిండాయి, అది చిన్న మేలు కాదు. కాని వరియన్నం హెచ్చి, శరీరశ్రమ తగ్గిన ఇళ్లలో మధుమేహానికీ చోటు దొరికింది.

రెండవ రకం మధుమేహంలో ఇన్సులిన్ పూర్తిగా లేకపోదు. శరీరకణాలు దాని ఆజ్ఞను పాటించవు. దానిని స్రవించే క్లోమకణాలు క్రమంగా అలసిపోతాయి. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల కూర్పు. విచిత్రమేమంటే, కొన్ని అమైనో ఆమ్లాలు క్లోమాన్ని తట్టి, ఇన్సులిన్‌ను వెలికి రప్పించగలవు కూడా. వేరుశనగలో సమృద్ధిగా ఉండే ఆర్జినిన్ అటువంటిదే. దానిని రక్తనాళంలోకి ఎక్కించి, క్లోమంలో ఎంత సత్తువ మిగిలి ఉన్నదో పరీక్షించే పద్ధతి ఉన్నది. అంతమాత్రాన గుప్పెడు చెనిక్కాయలు మందు కావు.

అంతకంటె ఆసక్తికరమైనది మన పోపులపెట్టెలోనే ఉన్నది. మెంతులలో 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్ అనే అరుదైన అమైనో ఆమ్లం ఉంటుంది. ఎలుకల నుండి, మనుషుల నుండి వేరుచేసిన క్లోమకణాలపై ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు దీనిని ప్రయోగించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. గ్లూకోజు హెచ్చుగా ఉన్నప్పుడే అది ఇన్సులిన్‌ను పెంచింది. తక్కువగా ఉన్నప్పుడు మిన్నకుండిపోయింది. మందుకు ఇంతకంటె మంచి గుణం ఏముంటుంది? అయినా అది నేటికీ ఆమోదం పొందిన ఔషధం కాలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అంతకు ముందే, 1990లో, మెంతిపొడి తిన్న మధుమేహ రోగులలో చక్కెర తగ్గినట్లు తెలిపారు. వాడిన మోతాదు పోపులో వేసే చిటికెడు కాదు, పదుల గ్రాములు. పైగా ఆ ఫలితంలో మెంతుల జిగురుపీచు పాలు పెద్దది.

మందుల దుకాణానికి చేరే భాగ్యం మరొక దానికి దక్కింది. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం నుండి రూపొందిన నాటెగ్లినైడ్‌ను 2000లో అమెరికా ఆమోదించింది. అయితే అమైనో ఆమ్లాలన్నీ హితకరాలే అనుకోరాదు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వేలిన్ వంటివి రక్తంలో హెచ్చుగా ఉన్నవారికి కొన్నేళ్ల తరువాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని 2011లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు.

మెంతినీరు తాగుతున్నాము కదా అని మాత్రలు మానితే చక్కెర నొప్పి లేకుండానే పెరిగి కళ్లను, మూత్రపిండాలను, పాదాల నరాలను దెబ్బతీస్తుంది. మాత్రలతోపాటు మెంతిపొడి దండిగా మింగి, ఏమీ తినకుండా చేనికి వెళ్లిన కూలీకి ఇందుకు విరుద్ధమైన ముప్పు ఉన్నది. చక్కెర మరీ పడిపోతే ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. అప్పుడు వెంటనే నోట వేసుకోవలసినది మెంతులు కాదు, బెల్లంముక్క.