విత్తన పరీక్ష ఫలితం ఏమైంది? రైతు అడగవచ్చు

ప్రత్తిపాడు: నల్లరేగడిలో పత్తి గింజ పెట్టినా, మిరప నారు పోసినా రైతుకు మొదటి భరోసా విత్తన ప్యాకెట్ మీది చీటీయే. గింజ మొలవకపోయినా, చేను ఏపుగా పెరిగి కాపు పట్టకపోయినా ముందు కొట్టుకు, తర్వాత వ్యవసాయాధికారి దగ్గరకు పరుగు తీస్తాడు. శాంపిల్ ల్యాబుకు పోయిందంటే సరేనని తిరిగొస్తాడు. ఆ ఫలితం ఏమైందని అడిగేవారు తక్కువ. అడగవచ్చునని తెలియకే.

1966 విత్తన చట్టం ప్రకారం విత్తన ఇన్‌స్పెక్టర్ నమూనా తీస్తే మూడు భాగాలు చేయాలి. ఒకటి ఎవరి దగ్గర తీశారో వారికి, ఒకటి పరీక్షకు, మూడోది కేసు పడితే చూపడానికి. పరీక్ష నివేదిక ఇన్‌స్పెక్టర్‌కు చేరాలి. అంటే ఆఫీసు ఫైలులో కాగితం ఉండాలి. దాని నకలును 2005 సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు.

తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుం లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి అప్పీలు, అక్కడా పని కాకుంటే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు తీసుకోవాలి.

అడిగే తీరులోనే ఉంది అసలు కిటుకు. 'నా చేను ఎందుకు పోయింది?' అని రాస్తే లాభం లేదు. దగ్గరున్న సమాచారం ఇవ్వాలే తప్ప కొత్తగా అభిప్రాయాలు రాసివ్వనక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 'ఫలానా కంపెనీ, ఫలానా లాట్ నంబరు విత్తన పరీక్ష నివేదిక నకలు' అని రాయాలి. లాట్ నంబరు కావాలంటే ఖాళీ ప్యాకెట్, బిల్లు పారేయకూడదు మరి.

హద్దులూ ఉన్నాయి. సంకర విత్తనం తయారీకి వాడే మూల వంగడాల గుట్టు వంటి వ్యాపార రహస్యాలను 8వ సెక్షన్ కింద నిరాకరించవచ్చు. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వాలి. బిటి వంకాయ భద్రతా పరీక్షల వివరాలు కోరిన దరఖాస్తుపై వెల్లడించమని 2007లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పింది. మొలక శాతం ఏ కంపెనీకీ రహస్యం కాజాలదు. ఇరుగుపొరుగు రైతుల బ్యాంకు ఖాతాల జోలికి మాత్రం పోవద్దు. వ్యక్తిగత సమాచారం మినహాయింపును 2023 చట్టంతో మరింత బిగించారు.

అన్నిటికన్నా పెద్ద హద్దు కాలమే. నెలరోజుల్లో నకలు చేతికొచ్చేసరికి మళ్లీ గింజ పెట్టే అదను దాటిపోతుంది. పైగా ఈ చట్టం పరిహారం ఇప్పించదు. దానికి వినియోగదారుల కమిషన్ ఉంది. విత్తన చట్టం ఉన్నా రైతులు అక్కడికి వెళ్లవచ్చని, గింజంతా విత్తేసిన రైతు పరీక్షకు కొంత దాచుకోవాలనడం సరికాదని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. వెళ్లేటప్పుడు బిల్లు, ప్యాకెట్, పరీక్ష నివేదిక నకలు వెంట ఉంచుకోవాలి.