ప్రత్యర్థుల విలీనము – పనివాని పరికరము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో పెండ్లిపత్రికలును కరపత్రములును నేడు కంప్యూటరు మీదనే సిద్ధమగుచున్నవి. అక్షరములు కూర్చుటకొకటి, బొమ్మలు గీయుటకొకటి, ఛాయాచిత్రములు దిద్దుటకొకటి – ఇట్లు పనికొక పరికరము కలదు. చేతికందని ఈ పరికరములనే సాఫ్ట్‌వేరు అందురు. వీనిని చేసి అమ్మెడు రెండు పోటీ సంస్థలు ఒక్కటైనచో పనివానికి కలుగునదేమి? ఈ విషయమును కొంత విచారింతము.

అమెరికాలో అడోబీ, మాక్రోమీడియా అను సంస్థలు చిరకాలము పోటీపడినవి. పేటెంటు హక్కులకై న్యాయస్థానమునకును ఎక్కినవి. అట్టివి 2005 ఏప్రిల్ 18న విలీనమును ప్రకటించి, డిసెంబరులో ఒక్కటైనవి. వెల సుమారు 340 కోట్ల డాలర్లు. అదియు రొక్కము కాదు. మాక్రోమీడియా వాటా ఒక్కింటికి అడోబీ తన వాటాలో 0.69 వంతు ఇచ్చునట్లు ప్రకటననాడు ఒప్పుకొన్నది. హైదరాబాదున జన్మించిన శంతను నారాయణ్ ఆ యేడే అడోబీకి అధ్యక్షుడై, 2007లో ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యెను.

గద్వాల చీరలో నూలు బట్టను పట్టు అంచుతో నేతలోనే కలుపుదురు. కలిసిన పిదపను నూలు నూలుగను, పట్టు పట్టుగను నిలుచును. సంస్థల కలయిక ఎల్లపుడు అట్లుండదు. ఒకే పని చేయు పరికరములు రెండున్నచో ఒకటి మూలబడుట కలదు.

ఫ్రీహ్యాండు అను చిత్రలేఖన పరికరము ఇందుకు నిదర్శనము. దానిని అమ్ముచుండిన ఆల్డస్ సంస్థ 1994లో అడోబీలో కలిసెను. అడోబీకి ఇలస్ట్రేటరు అను సొంత పరికరము ముందే కలదు. రెండును ఒకే చేత పడిన పోటీ నశించునని అమెరికా వాణిజ్య సంఘము ఫ్రీహ్యాండును దాని నిర్మాతలైన ఆల్ట్‌సిస్ వారికి తిరిగి ఇప్పించినది. అట్టి పరికరములను పదేండ్లపాటు అనుమతి లేనిదే కొనరాదనియు విధించినది. 1995లో ఆల్ట్‌సిస్ మాక్రోమీడియాలో చేరెను. పదేండ్లు గడచినవి, 2005 విలీనముతో ఫ్రీహ్యాండు మరల అడోబీ చేతికే వచ్చినది. 2007లో ఇక దానిని వృద్ధిచేయమని ప్రకటించిరి. దానితో చేయి అలవడిన చిత్రకారులు పని మరల నేర్వవలసి వచ్చినది.

ఆల్డస్ నుండియే వచ్చిన పేజిమేకరు మన తెలుగు అచ్చుపనివారికి చిరపరిచితము. దాని కడపటి కూర్పు 2001 నాటిది. అందు అను లిపులతో కూర్చిన తెలుగు, ఆ లిపులు లేని యంత్రమున అర్థరహితమైన గుర్తులుగా కనబడును.

కావున మేము సూచించునది ఒక్కటి. కూర్చిన పాఠమును యూనికోడ్‌లో ఒక ప్రతిగను, పుటను పి.డి.ఎఫ్. రూపమున మరియొక ప్రతిగను భద్రపరుపవలెను. పి.డి.ఎఫ్.‌ను 1993లో వెలువరించినది అడోబీయే. అయినను 2008 నుండి అది అంతర్జాతీయ ప్రమాణము, ఎవరైనను దానిని చదువు సాధనము చేయవచ్చును. సంస్థలు కలియవచ్చును, విడిపోవచ్చును. పాఠము మాత్రము వ్రాసికొన్నవారి చేతిలోనే యుండవలెను.