వెలుగును నీడను ఒక్క పటమున నిలుపు విధము

గత విద్యా సంవత్సరాంతమున పదవ తరగతి విద్యార్థుల వీడ్కోలు ఛాయాచిత్రమును మేమే తీసితిమి. అది మధ్యాహ్నము రెండు గంటల వేళ. ముందు వరుసవారు మెట్లపై ఎండలో కూర్చుండిరి. వెనుక వరుసవారు వరండా నీడలో నిలిచిరి. పటము అచ్చయి వచ్చిన పిమ్మట చూడగా, ముందువారి తెల్లచొక్కాలు మిరుమిట్లు గొలుపుచుండెను. వెనుకవారి ముఖములు మసిబారినట్లుండెను. ఒక తల్లి ఆ పటమును చేతబట్టుకొని చాలసేపు వెదకి, "మావాడు ఆ రోజు బడికి రాలేదా, అయ్యా?" అని యడిగెను. ఆ బాలుడు వెనుక వరుసలో నడుమనే నిలిచియుండెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

కంటికి కనబడినది కెమెరాకేల చిక్కలేదు? మన కన్ను ఎండను చూచునప్పుడు పాపను కుదించుకొనుచు, నీడను చూచునప్పుడు విప్పుకొనుచు, క్షణక్షణమును సవరించుకొనుచుండును. ఆ చూపులన్నిటిని మనస్సు ఒకే దృశ్యముగా కూర్చును. కెమెరాయో, ఒక్కసారి తెరచినప్పుడు పటమంతటికిని ఒకే కాలప్రమాణము చొప్పున వెలుతురును గ్రహించును. ఆ కాలము ఎండకు సరిపోయినచో నీడకు చాలదు. నీడకు సరిపోయినచో ఎండకు మిక్కుటమగును.

ఛాయాగ్రాహకులు వెలుతురును స్టాపులను మెట్లతో కొలుతురు. ఒక్కొక్క మెట్టునకు వెలుతురు రెట్టింపగును. 10 మెట్లనగా 1,024 రెట్లు. 14 మెట్లనగా 16,384 రెట్లు. నేటి మంచి కెమెరాలు 12 మొదలు 14 మెట్ల వరకు పట్టగలవు. చీకటి మూలలును, ఎండ పడు కిటికీయు గల గదిలో అదియు చాలకపోవచ్చును. ఈ కొరతను తీర్చునదే హెచ్.డి.ఆర్., అనగా హై డైనమిక్ రేంజ్ అను పద్ధతి. ఒకే దృశ్యమును వేర్వేరు వెలుతురు ప్రమాణములతో పలుమార్లు తీసి, ఒక్కొక్క దానిలో బాగుగ వచ్చిన భాగములను కూర్చి ఒక్క పటము చేయుట దీని సారాంశము.

ఈ యూహ క్రొత్తది కాదు. 1850 తరువాతి దశకములో ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ లె గ్రే సముద్రపు చిత్రములను తీయుచుండెను. ఆనాటి ఫలకములపై నీలికాంతి మిక్కిలి త్వరగా పనిచేయును. కావున సముద్రము సరిగా వచ్చునంత సేపు తీసినచో ఆకాశము తెల్లగా పాలిపోవుచుండెను. ఆయన ఆకాశమునకొక నెగటివును, సముద్రమునకొక నెగటివును తీసి, రెంటిని ఒకే కాగితముపై అచ్చొత్తెను. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనువారు పలు చిత్రములనుండి దృశ్యములోని వెలుతురు నిష్పత్తులను గణితముచే రాబట్టు విధమును ప్రకటించిరి. 2010లో ఈ సౌకర్యము ఐఫోనులో చేరెను. నేడు అనేక ఫోనులు మనకు తెలియకుండనే ఈ పని చేయుచున్నవి.

అభ్యాసము చేయువారు కదలని దృశ్యముతో ఆరంభించుట మేలు. ప్రార్థనా మందిరపు లోభాగము ఇందుకు మిక్కిలి తగినది. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చిలో రంగుటద్దాల కిటికీలను చూచినవారు దీని నెరుగుదురు. వెలుపలి సూర్యకాంతివలననే ఆ బొమ్మలు ప్రకాశించును. వానికి సరిపోవునట్లు తీసినచో గోడలు చీకటియగును. గోడలకు సరిపోవునట్లు తీసినచో బొమ్మలు తెల్లని మచ్చలగును. ఏ మందిరమునందైనను ముందుగా పెద్దల యనుమతి పొందియే తీయవలయును.

తీయు విధమిది. కెమెరాను ముక్కాలి స్టాండుపై కదలకుండ బిగింపుడు. వెలుతురు చొచ్చు రంధ్రమును ఎఫ్/8 వద్దను, ఐ.ఎస్.ఓ.ను 100 వద్దను నిలుపుడు. ఫోకసును, రంగుల సవరణను ఒకచోట స్థిరపరచుడు. చిత్రమును రా ఫైలుగా భద్రపరచుడు. మార్చవలసినది కాలమొక్కటియే. రంధ్రమును మార్చినచో దగ్గర దూరముల స్పష్టత మారి, పటములు ఒకదానితో నొకటి కలియవు. నడిమి పటమునకు సెకనులో 15వ వంతు కాలము పట్టినదనుకొందము. రెండు మెట్లు క్రిందికి 60వ వంతునను, రెండు మెట్లు పైకి 4వ వంతునను మరి రెండు పటములు తీయుడు. బ్రాకెటింగను ఏర్పాటు గల కెమెరా ఈ మూటిని తానే వరుసగా తీయును. మీట నొక్కినపుడు కెమెరా అదరకుండ రెండు సెకనుల టైమరును వాడుడు.

పిమ్మట కెమెరా చూపు హిస్టోగ్రామును పరీక్షింపుడు. ఇందు ఎడమ అంచు చీకటిని, కుడి అంచు వెలుగును తెలుపును. మిక్కిలి చీకటిగ తీసిన పటములో గీత కుడి అంచున గుమిగూడరాదు. మిక్కిలి వెలుగుగ తీసిన పటములో ఎడమ అంచున గుమిగూడరాదు. అట్లుండినచో ఆ వైపున మరియొక పటము తీయవలయును.

కూర్చుటకు కంప్యూటరులో లైట్‌రూమ్ వంటి సాధనములు గలవు. డార్క్‌టేబుల్, లూమినెన్స్ హెచ్.డి.ఆర్. అనునవి ఉచితముగ లభించును. కూర్చిన పిమ్మట, మిక్కిలి వెలుగైన భాగములను కొంత తగ్గించి, నీడలను కొంత విప్పవలయును. ఈ "కొంత" యనుటలోనే నేర్పంతయు గలదు. నూతన విద్యార్థి మీటలన్నిటిని చివరివరకు జరిపి సంతోషించును. అప్పుడు చెట్ల అంచులచుట్టు తెల్లని వలయములు పుట్టును. ఆకాశము సిరా ఒలికినట్లగును. నీడలేని గోడ కాగితపు గోడవలె కనబడును. బల్లల క్రింద చీకటి యుండుట సహజము. దానిని ఉండనిండు.

మనుష్యుల విషయములో మరియొక చిక్కు గలదు. పటమునకు పటమునకు నడుమ ఎవరైన తల త్రిప్పినచో, కూర్చిన పటములో ఒకే ముఖము రెండుగ, దయ్యపు నీడవలె కనబడును. సాధనములు దీనిని కొంతవరకు సవరింపగలవు, కాని పూర్తిగ కాదు. కావున గుంపు చిత్రమునకు ఉత్తమోపాయమేమనగా, అందరిని ఒకే నీడలో నిలుపుట. లేదా ఎండ వాలువరకు వేచియుండుట. హెచ్.డి.ఆర్. దానికి తరువాతిది.

పై జెప్పిన వీడ్కోలు పటమును బాగుచేయుటకు మేము ప్రయత్నించితిమి. దానిని రా ఫైలుగా భద్రపరచలేదు గనుక, నీడలో దాగిన వివరములు మిగులలేదు. ముఖములను బలవంతముగ వెలిగింపగా అవి బూడిదరంగున పాలిపోయెను. చామనచాయ బాలుడు తెల్లబడెనే గాని, వాని ముఖము వానికి రాలేదు. ఆ పటమును ఆ తల్లికి చూపుటకు మాకు మనసొప్పలేదు. నల్లని బిడ్డను తెల్లగ చేయుట వెలుతురిచ్చుట కాదు. ఉన్న ముఖము ఉన్నట్లు కనబడునట్లు చేయుటయే వెలుతురిచ్చుట.

ఈ సంవత్సరపు పటమును సాయంకాలము నాలుగున్నర గంటలకు, వేపచెట్టు నీడలో, అందరిని ఒకే వెలుతురున నిలిపి తీయ నిశ్చయించితిమి. ఏ తల్లియు తన బిడ్డ బడికి వచ్చెనా యని పటమును చూచి యడుగవలసిన యగత్యము ఇకమీదట కలుగకుండుగాక!