వేసవిలో కుక్కల శిక్షణ

పెంపుడు కుక్క యజమాని మాటను పాటించేలా అలవాటు చేయడాన్ని కుక్కల శిక్షణ అంటారు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక శిక్షణ వేళను ఎండను బట్టి నిర్ణయించుకోవాలి.

కుక్కలు ప్రధానంగా రొప్పడం ద్వారానే శరీరాన్ని చల్లబరచుకుంటాయి. మధ్యాహ్నపు తారురోడ్డు, నల్లని కడప బండలు వాటి పాదాలను కాలుస్తాయి. చేతి వెనుకభాగాన్ని 7 సెకన్లు ఆనించలేని నేలపై కుక్కను నడిపించరాదు.

తెల్లవారుజామున 5 నుండి 10 నిమిషాల అభ్యాసం చాలు. "రా", "కూర్చో", "ఆగు" వంటి మాటలను ఇంటిల్లిపాదీ ఒకే విధంగా పలకాలి. మాట విన్న వెంటనే తినుబండారం ఇవ్వాలి. కొడితే భయపడి కరిచే ప్రమాదముంది.

కుక్క విపరీతంగా రొప్పుతూ తూలితే వడదెబ్బగా భావించి, నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోసి, వెంటనే పశువైద్యునికి చూపాలి. ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు.