కొబ్బరిచిప్ప బొగ్గు, గాజునార కాగితం

చిలకలపూడి నగకు బంగారం అంటేది ఆఖర్న. అంతకుముందు జరిగేదంతా మంట, ఆమ్లం, పొగ. రాగి, ఇత్తడి తీగలు సాగదీసి, ముక్కలు కోసి, వెలిగారం పూసి టంకం పెడతారు. ఆమ్లంలో ముంచి నలుపు తీస్తారు. కడిగి మెరుగుపెట్టి, బంగారు లవణం కరిగిన సైనైడు తొట్టిలో వేలాడదీసి కరెంటు ఇస్తారు. చిలకలపూడి ఉన్న మచిలీపట్నం (బందరు) దగ్గర పోతేపల్లిలో ఈ పరిశ్రమకని ప్రత్యేకంగా పార్కు వెలిసింది గానీ, రోల్డుగోల్డు పని ఇళ్లలో పుట్టి ఇళ్లలో పెరిగింది. ముందుగదిలో టంకం, వెనకగదిలో పిల్లల చదువు. అందుకే ఇంటి గాలిని శుభ్రం చేసే యంత్రం ఏది కొనాలన్న ప్రశ్న ఇక్కడ ఢిల్లీలో అడిగినట్టు ఉండదు. అక్కడ మురికి ఎక్కువగా బయటినుంచి లోపలికొస్తుంది. ఇక్కడ లోపలే పుడుతుంది.

ఆ యంత్రం పుట్టుక కూడా విషం మధ్యనే. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. ఆ ఏడే రష్యన్ రసాయన శాస్త్రవేత్త నికొలాయ్ జెలిన్‌స్కీ బొగ్గు నింపిన ముసుగు తయారుచేశాడు. 1918 నాటికి అమెరికాలో ముసుగుల బొగ్గు కోసం పీచ్ పళ్ల గింజలు, కొబ్బరిచిప్పలు పారేయకుండా దాచి ఇమ్మని జనాన్ని ప్రభుత్వం అడిగింది. కొబ్బరిచిప్ప బొగ్గు గట్టిది, దాని రంధ్రాలు అతి సన్నవి. ఆవిరి పట్టి బాగా కాలిస్తే ఆ రంధ్రాలు విచ్చుకుంటాయి. అలా పదునుపెట్టిన బొగ్గు ఒక్క గ్రాములో లోపలి తలాలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. మన లెక్కలో పాతిక సెంట్ల నేల. వాయువు అణువులు వచ్చి ఆ నేలకు అతుక్కుంటాయి.

1917 జూలైలో జర్మన్లు కొత్త ఎత్తు వేశారు. ఆర్సెనిక్ కలిసిన పదార్థాన్ని వాయువుగా కాక పొగగా వదిలారు. అది బొగ్గులోంచి చక్కా దూరిపోయింది. పొగ అంటే వాయువు కాదు, గాలిలో తేలే నలుసులు. అణువును పట్టే బొగ్గుకు నలుసు చిక్కదు. నలుసును పట్టే గుడ్డకు అణువు చిక్కదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే యంత్రాల దుకాణంలో సగం మాటలు వినక్కర్లేదు.

నలుసుల సంగతి తేలడానికి రెండో ప్రపంచయుద్ధం రావాల్సివచ్చింది. జర్మన్ ముసుగుల డబ్బాల్లో ఒకరకం కాగితం పొగను బ్రహ్మాండంగా ఆపుతోందని బ్రిటిష్‌వాళ్లు కనిపెట్టారు. దాన్ని చూసి అమెరికన్ సైన్యపు ప్రయోగశాలలు ఆస్‌బెస్టాస్ నార కలిపిన కాగితం తయారు చేయించాయి. నోబెల్ గ్రహీత ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ ఈ వడపోత గణితం చూసి, అన్నిటికంటే కష్టంగా చిక్కే నలుసు సుమారు 0.3 మైక్రాన్లదని తేల్చాడు. అణుబాంబు పనిలో రేడియోధార్మిక ధూళి బయటికి పోకుండా ఆపడానికి ఆ కాగితాన్నే మడతలు మడతలుగా పెట్టెల్లో బిగించారు. యుద్ధం తర్వాత ఆస్‌బెస్టాస్ పోయి గాజునార వచ్చింది. 1961లో హంఫ్రీ గిల్బర్ట్ అనే ఆయన దీనికి ‘హెపా’ అన్న పేరు ఖాయం చేశాడు. 0.3 మైక్రాన్ల నలుసుల్లో నూటికి 99.97 ఆపాలన్నది దాని కొలబద్ద.

అంతకంటే చిన్నవి దూరిపోవా అని అందరూ అడుగుతారు. హెపాను జల్లెడ అనుకోవడం వల్ల వచ్చే సందేహం ఇది. ఆ నార పోగుల మధ్య సందులు 0.3 మైక్రాన్లకంటే చాలా పెద్దవే. పెద్ద నలుసు గాలితోపాటు మలుపు తిరగలేక పోగును గుద్దుకుని ఆగిపోతుంది. మరీ చిన్నది గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఎక్కడో పోగుకు తగిలి అతుక్కుంటుంది. నడిమి సైజుదే గడుసుది. దాన్ని పట్టగలిగితే మిగతా రెండూ సులువు. ఇంకో విచిత్రం, కాగితం మురికి పట్టేకొద్దీ పట్టు పెరుగుతుంది, గాలి మాత్రం తగ్గుతుంది. అంటే పాత ఫిల్టరు గాలిని ‘వడకట్టడం’ మానదు, గదిలోకి సరిపడా గాలి ఇవ్వడం మానేస్తుంది.

సైన్యం నుంచి ఇంటికి వచ్చిన ఈ యంత్రం అమెరికాలో గోడల్లోకే దూరింది. 2020 సెప్టెంబరు 9న కార్చిచ్చు పొగకు శాన్ ఫ్రాన్సిస్కో ఆకాశం పట్టపగలు నారింజరంగుకు తిరిగినప్పుడు, ఆ చుట్టుపక్కల ఉన్న మన కృష్ణాజిల్లా పిల్లలు చాలామంది ఫిల్టరు పట్టు ఎంతో చెప్పే ‘మెర్వ్’ అనే కొలమానం మొదటిసారి పట్టించుకుని ఉంటారు. అక్కడి ఇళ్లలో ఏసీ గాలి గొట్టాల ద్వారా అన్ని గదులకూ తిరుగుతుంది. తిరిగివచ్చే దారిలో ఒక ఫిల్టరు పెడితే ఇల్లంతటికీ అదే. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య నలుసుల్లో కనీసం సగం ఒక్క చుట్టులో ఆగిపోతాయి. హెపాయే పెట్టొచ్చుగా అంటే, అంత దట్టమైన కాగితంలోంచి గాలి లాగడం మామూలు ఏసీ ఫ్యాను వల్ల కాదు. ఒక అంగుళం మందం మెర్వ్ 13 కంటే నాలుగంగుళాలది నయం, మడతలు లోతైనవి గనక ఊపిరాడుతుంది. అట్టమీద బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండాలి. ఈ చిన్న సంగతి తప్పేవాళ్లు తక్కువేం కాదు.

బందరులో గొట్టాల ఇల్లెక్కడ? ఇక్కడ ఇల్లంతా అంటే గది గదికీ లెక్క వేసుకోవడమే. పది బై పన్నెండు గది, పదడుగుల స్లాబు: 1,200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనమీటర్లు. గంటకు ఐదుసార్లు ఆ గాలి వడపోతకు రావాలంటే యంత్రం గంటకు 170 ఘనమీటర్ల శుభ్రమైన గాలి ఇవ్వాలి. పెట్టెమీద రాసే అంకె ఫ్యాను ఫుల్లుగా తిరిగినప్పటిది. ఆ చప్పుడుకు ఎవరూ నిద్రపోలేరు కనుక రాత్రిపూట తగ్గిస్తారు, అంకె కూడా తగ్గిపోతుంది. అందుకని గదికి కావలసిన దానికంటే పెద్దది కొని నెమ్మదిగా తిప్పుకోవడమే తెలివి. గాలికి ‘అయాన్లు’ చల్లుతాం, ఓజోన్‌తో శుభ్రం చేస్తాం అనే సరుకు జోలికి పోవద్దు. ఓజోన్ ఊపిరితిత్తులకు పడదు. అలాంటి యంత్రాలకు కాలిఫోర్నియాలో చట్టమే గీత గీసింది.

కానీ టంకం పెట్టే ఇంట్లో యంత్రం మొదటి ఖర్చు కాదు. మొదటిది గోడలోంచి బయటికి లాగే ఎగ్జాస్టు. ఇందులో ఒక లెక్క చాలామందికి తెలియదు. అడుగు వెడల్పు గొట్టం మూతి దగ్గర గాలి ఎంత జోరుగా లాగుతుందో, అడుగు దూరం పోయేసరికి అందులో పదోవంతే మిగులుతుంది. కిటికీ పైన ఫ్యాను బిగించి, ఆరడుగుల అవతల టంకం పెడితే పొగకు ఆ ఫ్యాను ఉన్న సంగతే తెలియదు. మూతి మంట పక్కకు, జానెడు దూరానికి రావాలి. పైన వేలాడదీస్తే పొగ మనిషి ముక్కు దాటుకునే పోతుంది, అందుకే పక్కనుంచి లాగడం మేలు. కాడ్మియం కలిసిన టంకం నగల పనిలో చాలాకాలం నుంచి వాడుకలో ఉంది. దాని ఆవిరి గాలిలో సన్నని ధూళిగా మారుతుంది. హెపా దాన్ని పడుతుంది, నిజమే, కానీ గది దాటి యంత్రం దాకా వచ్చేలోపు పీల్చేవాడు పీల్చేస్తాడు.

తొట్టిది వేరే కథ. సైనైడుకు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సైనైడు వాయువు లేస్తుంది. ప్రాణాలు తీసే ఆ వాయువు వాసన కొందరి ముక్కుకు అసలు తెలియనే తెలియదు. హెపాకు అది చిక్కదు, మామూలు బొగ్గుకూ సరిగా చిక్కదు. యంత్రం ముందు పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని కన్ను చూసేది నలుసుల్నే. ఆమ్లం గది, సైనైడు గది వేరుగా ఉండటం, వేరు గొట్టాలు, వేరు కాలువలు. దీనికి బదులుగా ఏ యంత్రమూ లేదు.

తమాషా ఏమిటంటే, సైనైడులో కరిగిన బంగారానికి మాత్రం ఆ కొబ్బరిచిప్ప బొగ్గంటే మహా ప్రీతి. గనుల్లో రాయిని పిండిచేసి సైనైడు నీళ్లలో నానబెట్టి, కరిగిన బంగారాన్ని ఆ బొగ్గుతోనే పట్టుకుంటారు. కాబట్టి యంత్రంలోని బొగ్గులో బంగారం దొరుకుతుందేమోనని ఎవరైనా ఆశపడితే, ఆశ వద్దు. బంగారం ఆవిరై గాలిలో తేలదు.

నగల పని లేని ఇంట్లో అసలు నేరస్తురాలు తరచు దోమలచుట్ట. ఒక చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. చుట్ట వెలిగించి పక్కనే యంత్రం పెట్టుకునే ఇళ్లున్నాయి. దోమతెర ఎన్నో రెట్లు చవక. సార్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో మాత్రం యంత్రం నిజంగా అక్కరకొస్తుంది, తలుపులు మూస్తేనే సుమా.

కొన్నాక చూడాల్సినవి. ముందు వెనక మూత తీసి హెపా మీద ప్లాస్టిక్ కవరు తీశారో లేదో చూడండి, నవ్వకండి, నెలల తరబడి అలాగే తిప్పినవాళ్లున్నారు. బయటి జాలీని కోతల కాలంలో వారంవారం కడిగి బాగా ఆరబెట్టాలి. హెపా కాగితాన్ని మాత్రం కడగకూడదు. తడిస్తే మడతలు ముద్దవుతాయి. సముద్రపు గాలి తేమ బొగ్గు రంధ్రాల్లో చేరి చోటు ఆక్రమిస్తుంది, అందుకే బందరులో బొగ్గు పెట్టెమీద రాసిన గడువుకంటే ముందే చప్పబడొచ్చు. గుర్తు తేలిక: వంటింటి పోపు వాసన గదిలో ఎక్కువసేపు నిలుస్తుంటే దాని పని అయిపోయినట్టే. ఎండలో పెడితే పదును తిరిగిరాదు. పుష్యమాసపు మంచు ఉదయాల్లో ధూళి కొలిచే మీటరు అంకె ఎగిరిపడితే కంగారుపడొద్దు, చౌకరకం లేజరు మీటర్లు గాలిలో తేమ బాగా పెరిగితే నీటితో ఉబ్బిన నలుసుల్ని చూసి ఎక్కువ చూపిస్తాయి. అంకె ఎంత ఉండాలన్నదానిలోనూ తేడాలున్నాయి. పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్నని ధూళికి, రోజు సగటున ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు మన దేశపు హద్దు, 15 ప్రపంచ ఆరోగ్య సంస్థది.

టంకం ఇంట్లో వాడిన పాత హెపాను దులపకూడదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, ప్లాస్టిక్ సంచిని ఫిల్టరు మీదికి తొడిగి, ఆ సంచితోనే బయటికి లాగి మూతి కట్టి, పనిలో వచ్చే లోహపు చెత్తతో కలిపి అప్పగించాలి. సంక్రాంతి ముందు ఇల్లు దులిపే హడావిడిలో అది భోగి మంటలోకి మాత్రం చేరకూడదు. గాజునార కాలదు, జిగురూ ప్లాస్టిక్కూ కాలతాయి, అందులో పట్టిన కాడ్మియం మళ్లీ గాలిలోకి లేస్తుంది.