లాన్ టిప్స్: గడ్డి విత్తనాలు చల్లినా మొలకలు రావట్లేదా..? అసలు తప్పు ఇక్కడే జరుగుతోంది!

ఇంటి ముందు పచ్చటి లాన్ ఉంటే ఆ అందమే వేరు. అందుకే చాలామంది ఆన్‌లైన్‌లో గడ్డి విత్తనాల ప్యాకెట్ తెప్పించి చల్లేస్తుంటారు. తీరా చూస్తే నెల గడిచినా అక్కడక్కడా నాలుగు మొలకలు, మధ్యలో తుంగ తప్ప ఏమీ కనిపించదు. డబ్బు, నీళ్లు రెండూ వృథా. మరి తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఏ గడ్డి మంచిది?
ఫెస్క్యూ, రై గ్రాస్ లాంటివి చల్లటి ప్రాంతాల రకాలు. తెలుగు రాష్ట్రాల ఎండలకు అవి తట్టుకోలేవు. ఇక్కడ విత్తనంతో పెంచడానికి బెర్ముడా గడ్డి అనువైనది. ఇది మన గరికే. అయితే దీనికి రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. చెట్ల నీడలో పలచబడిపోతుంది.

నేల ఇలా సిద్ధం చేయాలి
4 నుంచి 6 అంగుళాల లోతు తవ్వి రాళ్లు, తుంగ గడ్డలు ఏరేయాలి. బాగా చివికిన పశువుల ఎరువే కలపాలి. పచ్చి పేడలో కలుపు విత్తనాలు ఉంటాయి. నీరు నిలవకుండా నేలను చదును చేయాలి.

చల్లే పద్ధతి
100 చదరపు అడుగులకు 50 నుంచి 100 గ్రాముల విత్తనం సరిపోతుంది. విత్తనం చాలా సన్నగా ఉంటుంది కాబట్టి పొడి ఇసుకలో కలపాలి. సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లితే సమానంగా పడుతుంది. పైన పావు అంగుళానికి మించి మట్టి కప్పకూడదు. లోతుగా పడితే మొలక పైకి రాలేదు.

నీళ్లే అసలు కీలకం
మొలకలు రావడానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది. అప్పటిదాకా పైమట్టి ఆరకూడదు. రోజుకు రెండు మూడుసార్లు తుంపరలా చల్లాలి. మొలక విచ్చుకునే దశలో విత్తనం ఎండితే చనిపోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా లేవదు. చాలా లాన్లు ఫెయిలయ్యేది ఇక్కడే. పైపుతో ధారగా పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. భారీ వర్షం పడినా ఇదే సమస్య. అందుకే ముసురు రోజుల్లో చల్లకపోవడమే మేలు.

గడ్డి 2 అంగుళాలు పెరిగాక తొలిసారి కత్తిరించవచ్చు. ఒకేసారి మూడో వంతుకు మించి కోయొద్దు. వేర్లు పట్టేదాకా దానిపై నడవకపోతే లాన్ ఒత్తుగా అల్లుకుంటుంది.