సంక్రాంతి ప్రయాణం: పొగమంచు వేళ తప్పించండి

సంక్రాంతికి హైదరాబాదు నుండి విజయవాడకు కారులో వెళ్లేవారు చాలామంది, రద్దీ ఉండదని తెల్లవారుజామున 3 గంటలకే బయలుదేరుతారు. ప్రయాణం సుమారు 270 కిలోమీటర్లు. అయితే ఆ వేళే అపాయకరమైనదని మేము చెప్పవలసి వస్తున్నది.

చలికాలంలో గాలి కదలని రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకొన్న గాలిలోని తేమ పొగమంచు అవుతుంది. చెరువులు, పొలాల దగ్గర ఇది మరింత దట్టం. ఎండ ఎక్కితే గాని విడిపోదు. మరోవైపు 2 నుండి 6 గంటల మధ్య శరీరం సహజంగా నిద్ర కోరుతుంది. చూపు ఆనని వేళ, చురుకు తగ్గే వేళ ఒకటే అన్నమాట.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. 50 మీటర్లే కనబడితే, ఆగివున్న లారీని తప్పించడానికి రెండు సెకన్లే మిగులుతాయి.

కనుక:

1. ముందురోజే వాతావరణ శాఖ సూచన చూడండి. పొగమంచు హెచ్చరిక ఉంటే ఎండ వచ్చాకే బయలుదేరండి.

2. దారిలో మంచు పడితే వేగం తగ్గించి, లైట్లు డిమ్‌లో పెట్టండి. హైబీమ్ వెలుగు మంచుపై పడి మన కళ్లకే తిరిగి కొడుతుంది.

3. ఆగవలసివస్తే రోడ్డు అంచున కాక, పెట్రోలు బంకులోనికి వెళ్లండి.

4. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలరును డిక్కీలో కాక చేతిసంచిలో ఉంచుకోండి.

5. ప్రమాదం జరిగితే 108కి, జాతీయ రహదారిపై సహాయానికి 1033కి ఫోను చేయండి.

ఊళ్లో పెద్దవారికి టిఫిను వేళకు కాదు, మధ్యాహ్న భోజనానికి వస్తామని ముందే చెప్పండి. అప్పుడు వారికి ఆందోళన ఉండదు, మీకు తొందర ఉండదు.